మిరప మొక్కల శీతాకాల సంరక్షణ

మిరప మొక్కల శీతాకాల సంరక్షణ అనగా చలి దేశాలలో వేసవి అంతా ఆరుబయట కాచిన మిరప మొక్కను, మంచు పడక ముందే ఇంటిలోనికి చేర్చి, చలికాలం గడిచేవరకు ప్రాణంతో నిలిపి, తిరిగి వసంతంలో బయట పెంచుకొనే పద్ధతి. ఉత్తర అమెరికాలోను, బ్రిటన్‌లోను, ఉత్తర ఐరోపా దేశాలలోను పెరటి తోటలు పెంచేవారిలో ఇది వాడుకలో ఉన్నది. ఆయా దేశాలలో స్థిరపడిన తెలుగువారు కూడా చాలామంది దీనిని పాటిస్తున్నారు. ఈ పద్ధతిలో కాపాడుకొనేది ఆకులను, కాయలను కాదు. వేరును, మొదలును మాత్రమే. ఆకులన్నీ రాలిపోయి ఎండుపుల్లలా కనిపించే మొక్క కూడా బ్రతికే ఉండవచ్చును. పచ్చగా కనిపించే మొక్క వేరు కుళ్ళి అప్పటికే చనిపోయి ఉండవచ్చును. ఈ తేడా తెలియక పోవడం వలననే ఎక్కువ మొక్కలు పోతుంటాయి.

మిరప ఏడాది మొక్కా?

మిరప సొలనేసి కుటుంబానికి చెందిన కాప్సికం ప్రజాతి మొక్క. వంగ, టమాటా, బంగాళాదుంప, పొగాకు కూడా ఈ కుటుంబానివే. మిరప జన్మస్థానం అమెరికా ఖండాల ఉష్ణ ప్రాంతాలు. మనిషి సాగులోనికి తెచ్చిన జాతులు ఐదు: కాప్సికం ఆన్యుయం, కాప్సికం ఫ్రూటెసెన్స్, కాప్సికం చైనెన్స్, కాప్సికం బకేటం, కాప్సికం ప్యూబెసెన్స్. ఈ ఐదూ స్వభావరీత్యా బహువార్షికాలే. చలి తగలని చోట మొదలు మానులా గట్టిపడి, చిన్న పొదగా మారి, కొన్నేళ్ళపాటు కాస్తాయి. మన పెరళ్ళలో బావి గట్టున, తులసికోట పక్కన రెండు మూడేళ్ళు నిలిచి కాసే మిరప చెట్లు అందరూ ఎరిగినవే.

అయినప్పటికీ స్వీడన్ దేశపు వృక్షశాస్త్రవేత్త కార్ల్ లిన్నేయస్ 1753లో వెలువరించిన స్పీషీస్ ప్లాంటారం గ్రంథంలో దీనికి కాప్సికం ఆన్యుయం అని పేరు పెట్టాడు. లాటిన్‌లో ఆన్యుయం అంటే ఒక ఏడాది బ్రతికేది అని అర్థం. ఐరోపా తోటలలో పెరిగే మిరపకు ఆ పేరు సరిపోయినదే, ఎందుకంటే అక్కడ మొదటి మంచుకే మొక్క చనిపోతుంది. ఆయుష్షు తీర్చింది చలి. పేరు మాత్రం మొక్కకు అంటుకొని ఉండిపోయింది. మిరప పేర్లలో ఇటువంటి పొరపాట్లు మరికొన్ని ఉన్నాయి. జర్మన్ పండితుడు లియోన్‌హార్ట్ ఫుక్స్ 1542 నాటి తన మూలికా గ్రంథంలో మిరపను బొమ్మతో సహా చూపి, దానిని కాలికట్ మిరియంగా పేర్కొన్నాడు. అమెరికా నుండి వచ్చిన మొక్క భారతదేశానిదని అప్పట్లో ఐరోపాలో అనుకొనేవారు. 1776లో జాక్విన్ అనే శాస్త్రవేత్త మరొక అమెరికా జాతిని చైనాది అనుకొని చైనెన్స్ అని పిలిచాడు. తెలుగులో మిరప అన్న మాటకు కూడా అంతకు పూర్వమే మనకు తెలిసిన మిరియంతో చుట్టరికం కనిపిస్తుంది.

ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో మిరపను పొలంలో ఏడాది పంటగానే వేస్తారు. అయితే దానికి కారణం చలి కాదు. వానాకాలంలో నారు పోసి, నాటి, చలికాలం చివర నుండి ఎండాకాలం మొదటి వరకు కాయలు కోస్తారు. అంటే గుంటూరు, ఖమ్మం, వరంగల్ ప్రాంతాలలో చలికాలమే మిరప కాపుకాలం. గుంటూరులో శీతాకాలపు రాత్రులు కూడా సాధారణంగా 15 డిగ్రీల సెల్సియస్ పైనే ఉంటాయి. తెలుగు నేలపై మిరపకు చలి బాధ కలిగే చోట్లు ఆదిలాబాద్ ప్రాంతం, విశాఖ మన్యంలోని లంబసింగి వంటివి కొన్ని మాత్రమే. కాబట్టి మొక్కను చలి నుండి కాపాడే విద్య మన వ్యవసాయ సంప్రదాయంలో ఏర్పడలేదు. విదేశాలకు వెళ్ళినవారు దీనిని అక్కడే కొత్తగా నేర్చుకోవలసి వస్తున్నది.

చలి మిరపను ఏమి చేస్తుంది?

చలి వలన మిరపకు కలిగే హాని రెండు రకాలు. ఒకటి గడ్డకట్టడం. ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకు దిగినప్పుడు కణజాలంలోని నీరు మంచు స్ఫటికాలుగా మారి కణాలను చీల్చివేస్తుంది. ఉదయం ఎండ పొడవగానే ఆకులు ఉడికించిన కూరలా నల్లబడి వేలాడతాయి. ఇది ఒక్క రాత్రిలో జరిగిపోతుంది, దీనికి చికిత్స లేదు. అమెరికా వ్యవసాయ శాఖ రూపొందించిన మొక్కల శీతల సహన పటాన్ని చివరిసారిగా 2023లో సవరించారు. అందులోని 10వ మండలంలో ఏటా వచ్చే కనిష్ఠ ఉష్ణోగ్రతల సగటు సుమారు −1 డిగ్రీ కంటే తగ్గదు. అటువంటి చోట్ల, ఉదాహరణకు దక్షిణ ఫ్లోరిడాలోను, దక్షిణ కాలిఫోర్నియా తీరంలోను మిరప కొద్దిపాటి రక్షణతో బయట ఏళ్ళ తరబడి నిలుస్తుంది. మిగిలిన దేశంలో ఎక్కువ చోట్ల దానికి ఇల్లే శరణ్యం.

రెండవ హాని కంటికి త్వరగా కనిపించదు. గడ్డకట్టకపోయినా, సుమారు 10 డిగ్రీలకు దిగువన చాలాకాలం ఉన్న మిరప కణాల పొరలలోని కొవ్వు పదార్థాలు బిగుసుకొనిపోతాయి. పొర లోపలి పదార్థాలను పట్టి ఉంచలేదు, వేరు నీటిని పీల్చలేదు. మిరప కాయకు కూడా ఇదే స్వభావం ఉన్నది. బెంగుళూరు మిరపకాయలను 7 డిగ్రీల కంటే తక్కువ చలిలో చాలా రోజులు నిలువ ఉంచితే చర్మం మీద గుంటలు పడి మెత్తబడేది ఇందువలననే.

ఇక్కడొక ముఖ్య విషయం ఉన్నది. ఆపిల్, ద్రాక్ష వంటి సమశీతోష్ణ దేశాల చెట్లకు సహజమైన శీతాకాల నిద్ర ఉంటుంది. చలి రాకను అవి ముందే తెలుసుకొని, ఆకు రాల్చి, మొగ్గలను మూసుకొని, చలికి తట్టుకొనేటట్లు తమ కణాలను సిద్ధం చేసుకొంటాయి. మిరపకు అటువంటి నిద్ర లేదు. దాని పూర్వీకులు పెరిగిన చోట అటువంటి అవసరమే రాలేదు. చలిగదిలో ఉంచిన మిరప నిద్రపోదు, కేవలం మందగిస్తుంది. ఊపిరి తీస్తూనే ఉంటుంది. వేరులోను, కాండంలోను దాచుకొన్న పిండి పదార్థాన్ని కొంచెం కొంచెంగా ఖర్చు చేస్తూనే ఉంటుంది. పెంపకందారు చేయవలసినదల్లా ఆ ఖర్చును తగ్గించడం, వసంతం వచ్చేవరకు ఆ నిలువ చాలేటట్లు చూడడం. క్రింద చెప్పబోయే కత్తిరింపు, చల్లని గది, తక్కువ నీరు అన్నీ ఈ ఒక్క లెక్క మీద ఆధారపడినవే.

వెలుతురు విషయం కూడా ఇందులోనిదే. డిసెంబరు మూడవ వారంలో హైదరాబాదులో పగలు సుమారు 11 గంటలు ఉంటుంది. అదే రోజున న్యూయార్కులో తొమ్మిదింబావు గంటలు, లండన్‌లో ఎనిమిది గంటలకు కొంచెం తక్కువ, స్టాక్‌హోంలో ఆరు గంటలు మాత్రమే. పైగా అక్కడి సూర్యుడు ఆకాశంలో ఎత్తుకు రాడు. కిటికీ అద్దం, మబ్బు కలిసి మిగిలిన వెలుగును కూడా తగ్గిస్తాయి. వెచ్చని గదిలో, చీకటి మూలలో ఉంచిన మిరప తాను తయారు చేసుకొనే ఆహారం కంటే ఎక్కువ ఖర్చు చేస్తుంది. పొడవుగా, పాలిపోయి, సన్నగా సాగి చివరకు కూలిపోతుంది. చల్లగా ఉంటే చీకటి ఫరవాలేదు. వెచ్చగా ఉంటే వెలుతురు తప్పనిసరి. వెచ్చదనం, చీకటి రెండూ ఒకేచోట ఉండకూడదు.

ఏ మొక్కను ఉంచుకోవాలి?

అన్ని మొక్కలూ ఈ శ్రమకు తగినవి కావు. గుంటూరు సన్నం, తేజ, బ్యాడిగి, బెంగుళూరు మిరప అన్నీ కాప్సికం ఆన్యుయం జాతివి. ఇవి నాటిన రెండు మూడు నెలలలో కాపుకు వస్తాయి, కనుక ఏటా విత్తనం వేసుకొన్నా చలి దేశపు వేసవి సరిపోతుంది. కాప్సికం చైనెన్స్ జాతి వేరు. హాబనేరో, స్కాచ్ బానెట్ ఈ జాతివి. 2007లో ప్రపంచంలోకెల్లా ఘాటైనదిగా గిన్నిస్ పుస్తకానికి ఎక్కిన ఈశాన్య భారతపు భూత్ జొలోకియా కూడా ప్రధానంగా ఈ జాతిదే. వీటి విత్తనం మొలకెత్తడానికే రెండు మూడు వారాలు, ఒక్కొక్కసారి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. నాటిన తరువాత కాయ పండడానికి నాలుగు నెలల దాకా పట్టవచ్చును. మిన్నెసోటా, స్కాట్లాండ్ వంటి చోట్ల కాయ రంగు తిరగక ముందే మంచు పడిపోతుంది. ఇటువంటి రకాలకు రెండవ ఏడాది మొక్క నిజంగా వరమే. వేరు, మొదలు సిద్ధంగా ఉండడం వలన వసంతంలోనే పూతకు వస్తుంది.

కాప్సికం ప్యూబెసెన్స్ ఆండీస్ పర్వతాల మొక్క. ఊదా రంగు పూలు, నూగుతో నిండిన ఆకులు, నల్లని గింజలు దీని గుర్తులు. పెరూలో రొకోటో అని, మెక్సికోలో మంజానో అని పిలుస్తారు. మిగిలిన జాతుల కంటే చల్లని వాతావరణాన్ని బాగా సహిస్తుంది, కానీ గడ్డకట్టే చలిని ఇది కూడా తట్టుకోలేదు. ఇంటిలో చలికాలం గడపడానికి ఇది అన్నిటికంటే సులువైన జాతి.

మొక్కనే దాచుకోవడానికి మరొక కారణం విత్తనం. సంకర రకాల కాయల నుండి తీసిన విత్తనం తల్లిని పోలి రాదు. ఒకే పెరటిలో నాలుగైదు రకాలు పెంచినప్పుడు తేనెటీగల వలన పరపరాగ సంపర్కం జరిగి, నికార్సయిన రకాల విత్తనం కూడా కల్తీ కావచ్చును. పైగా విత్తనాలు, మొక్కలు దేశాల సరిహద్దులు దాటించడానికి మొక్కల క్వారంటైన్ నిబంధనలు అడ్డు ఉంటాయి. ఊరికి వెళ్ళి వచ్చేటప్పుడు గుప్పెడు గింజలు సంచిలో వేసుకొని రావడం చట్టరీత్యా కుదరకపోవచ్చును. చేతిలో ఉన్న ఒక్క మొక్క పోతే ఆ రకమే పోయే పరిస్థితిలో ఉన్నవారికి ఈ పద్ధతి సరదా కాదు, అవసరం.

ఆకులు ముడుచుకొని, మచ్చలు పడి, గిడసబారిన మొక్కలను లోనికి తేకూడదు. మిరపకు వచ్చే వైరస్ తెగుళ్ళకు మందు లేదు. ఏడాది మొక్కతో పాటు అవి కూడా అంతమవుతాయి. మొక్కను దాచినవారు తెగులును కూడా దాచినవారవుతారు. మన ప్రాంతంలో పంట అయిపోగానే పాత మోళ్ళను పీకివేయాలని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పడంలోని ఆంతర్యం కూడా ఇదే.

లోనికి తేవడం, కత్తిరింపు

రాత్రి ఉష్ణోగ్రత 10–12 డిగ్రీలకు దిగడం మొదలైనప్పుడే మొక్కను కదల్చాలి. మొదటి మంచు కోసం వేచి ఉండరాదు. అమెరికా ఉత్తర రాష్ట్రాలలో ఇది సెప్టెంబరు చివర నుండి అక్టోబరు మధ్య వరకు వస్తుంది. చెట్టున ఉన్న కాయలన్నిటినీ, పచ్చివైనా సరే, కోసివేయాలి. కాయ ఉన్నంతకాలం మొక్క తన శక్తిని దానికే పెడుతుంది. ఇలా ఒక్కసారిగా చేతికి వచ్చే పచ్చికాయలతో ఊరమిరపకాయలు పెట్టుకోవడం తెలుగు ఇళ్ళకు కొత్తేమీ కాదు, కాకపోతే అక్కడి అక్టోబరు ఎండకు అవి ఎండవు, ఓవెన్‌ను ఆశ్రయించవలసిందే.

తరువాత కొమ్మలను కత్తిరిస్తారు. మిరప కాండం కొంత ఎత్తు పెరిగాక రెండుగా చీలి పంగలా తయారవుతుంది. ఆ పంగను ఉంచి, దాని పైన ఒక్కొక్క కొమ్మకు రెండు మూడు కణుపులు మిగిలేటట్లు కోయాలి. మొత్తం మొక్క జానెడు లేదా అంతకు కొంచెం ఎక్కువ ఎత్తు మిగులుతుంది. చూడడానికి దారుణంగా ఉన్నప్పటికీ, వసంతంలో కొత్త చిగుళ్ళు వచ్చేది ఈ కణుపుల నుండే. పంగకు క్రిందుగా, కణుపులు లేకుండా నరికివేసిన మొక్క చిగుర్చడం కష్టం. కత్తెరను ముందుగా స్పిరిట్‌తో తుడవాలి. పొగాకు వాడేవారు చేతులు సబ్బుతో కడుక్కొని మొక్కను ముట్టుకోవడం మంచిది, ఎందుకంటే పొగాకు మొజాయిక్ వైరస్ మిరపకు కూడా సోకుతుంది.

నేలలో ఉన్న మొక్కను చుట్టూ త్రవ్వి వేరుముద్దతో పైకి తీయాలి. పాత మట్టిని దులిపి, వేళ్ళను గోరువెచ్చని నీటితో కడిగి, బాగా పొడవైన వేళ్ళను కొద్దిగా కత్తిరించి, 10–15 సెంటీమీటర్ల చిన్న కుండీలో కొత్త మట్టితో నాటాలి. తోట మట్టిలో చీమలు, పురుగుల గుడ్లు, కుళ్ళు తెగుళ్ళ శిలీంధ్రాలు ఉంటాయి. అందుకే ఈ కడుగుడు. కొబ్బరి పొట్టు, పెర్లైట్ కలిపిన తేలికపాటి మిశ్రమం మేలు. కుండీ చిన్నదిగా ఉండాలనడానికి కారణం స్థలం కలసిరావడం కాదు. పెద్ద కుండీలో మట్టి ఎక్కువ, అందులో నీరు ఎక్కువ. ఆకులు లేని మొక్క ఆ నీటిని త్రాగలేదు. వేళ్ళ చుట్టూ నెలల తరబడి తడి నిలిచిపోతుంది. కుండీ అడుగున రంధ్రం తప్పనిసరి.

ఎక్కడ ఉంచాలి?

రెండు మార్గాలున్నాయి. మొదటిది చల్లని గది. 10 నుండి 15 డిగ్రీల మధ్య ఉండే బేస్‌మెంట్, వేడి చేయని పడకగది, ఇంటిని ఆనుకొని ఉన్న గ్యారేజీ ఇందుకు పనికివస్తాయి. మసక వెలుతురు చాలు. మొక్క ఉన్న ఆకులను కూడా రాల్చవచ్చును, అందుకు బెంగపడనవసరం లేదు. గ్యారేజీ విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. అత్యల్ప ఉష్ణోగ్రతను గుర్తుంచుకొనే థర్మామీటరు ఒకటి కుండీ పక్కన పెట్టుకోవాలి, ఎందుకంటే పగలు చూసినప్పుడు బాగున్న గది తెల్లవారుజామున సున్నాకు దిగి ఉండవచ్చును. తెలుగువారు ఎక్కువగా ఉండే డల్లాస్ వంటి వెచ్చని నగరంలో కూడా 2021 ఫిబ్రవరి తుఫానులో ఉష్ణోగ్రత సుమారు −19 డిగ్రీల దాకా పడిపోయి, టెక్సాస్‌లో లక్షలాది ఇళ్ళకు విద్యుత్తు ఆగిపోయింది. అటువంటప్పుడు కుండీలను ఇంటి నడిమి గదికి మార్చడం తప్ప వేరే ఉపాయం లేదు.

రెండవది వెచ్చని గది. 18 నుండి 22 డిగ్రీలలో, ఎల్‌ఈడీ దీపాల క్రింద రోజుకు 12–14 గంటల వెలుతురుతో మొక్కను పెరుగుతూనే ఉంచడం. ఈ పద్ధతిలో ఎక్కువ కత్తిరింపు అవసరం లేదు, చలికాలంలో కూడా అడపాదడపా కాయలు దొరుకుతాయి. మిరప పువ్వు తన పుప్పొడితోనే ఫలదీకరణ చెందగలదు కనుక, తేనెటీగలు లేకపోయినా పూలకొమ్మను వ్రేలితో మెల్లగా తట్టితే కాయ కట్టే అవకాశం ఉంటుంది. అయితే ఖర్చు ఎక్కువ, పురుగుల బెడద మరీ ఎక్కువ. రెండింటిలో మొదటి పద్ధతే సామాన్యులకు అనుకూలం.

కిటికీ గట్టు మీద పెట్టేవారు రెండు సంగతులు గమనించాలి. రాత్రి కర్టెన్ వేసినప్పుడు కుండీ కర్టెనుకు, అద్దానికి నడుమ చిక్కుకొంటే, గదిలోని వేడి దానికి అందదు. అద్దానికి ఆనిన ఆకులు గడ్డకట్టి నల్లబడతాయి. రెండవది, చాలా ఇళ్ళలో హీటర్ సరిగ్గా కిటికీ క్రిందనే ఉంటుంది. ఆ పొడి వేడిగాలికి మట్టి త్వరగా ఎండుతుంది, ఎర్రనల్లి వృద్ధి చెందుతుంది.

నీరు

ఇంటిలో పెట్టిన మిరప చలికి చనిపోవడం అరుదు. ఎక్కువగా చనిపోయేది నీటికే.

కారణం ఇది. చల్లని మట్టిలో వేరు నీటిని సరిగా పీల్చలేదు. మట్టి తడిగా ఉన్నప్పటికీ ఆకులు వాడి వ్రేలాడతాయి. చూసినవారు దాహం అనుకొని మరి కొంచెం నీరు పోస్తారు. మట్టిలోని గాలి సందులు నీటితో నిండిపోతాయి, వేరుకు ప్రాణవాయువు అందదు, పిథియం వంటి కుళ్ళు కారకాలు పట్టుకొంటాయి. వేరు కుళ్ళిన కొద్దీ ఆకులు ఇంకా వాడతాయి, ఇంకా నీరు పోస్తారు. దాహంతో వాడిన మొక్క, వేరు కుళ్ళి వాడిన మొక్క చూడడానికి ఒకే రీతిగా ఉంటాయి. తేడా ఆకులలో కనిపించదు, మట్టిలో తెలుస్తుంది. కాబట్టి మిరప వాడినప్పుడు చెంబు తీసుకొనే ముందు వేలు మట్టిలోనికి దించి చూడాలి. రెండు కణుపుల లోతున పొడిగా ఉంటేనే నీరు పోయాలి. తడి తగిలితే చేయవలసినది నీరు పోయడం కాదు, కుండీని కొంచెం వెచ్చని చోటికి మార్చడం.

అనుభవం కలిగినవారు కుండీని చేత్తో ఎత్తి బరువును బట్టి చెబుతారు. నీరు పోసిన రోజున ఒకసారి, బాగా ఎండినప్పుడు ఒకసారి ఎత్తి చూస్తే ఆ అంచనా ఎవరికైనా వస్తుంది. చల్లని గదిలో ఆకులు లేని మొక్కకు రెండు మూడు వారాలకు ఒకసారి అర టీకప్పు నీరు సరిపోతుంది. కొళాయి నుండి నేరుగా వచ్చే మంచులాంటి నీరు కాకుండా, గదిలో కొంతసేపు నిలువ ఉంచిన నీరు పోయాలి. సాసరులో దిగిన నీటిని పారబోయాలి. అయితే మట్టి పూర్తిగా దుమ్ములా ఎండిపోనివ్వడం కూడా సరి కాదు. సన్నని పీచు వేళ్ళు చనిపోతే వసంతంలో మొక్క తేరుకోవడానికి చాలా కాలం పడుతుంది. ఈ కాలంలో ఎరువు వేయరాదు. పెరగని మొక్క దానిని వాడుకోలేదు, మట్టిలో లవణాలు పేరుకొని వేరును కాలుస్తాయి.

పురుగులు

మిరప ఘాటు దానికి రక్ష అనుకోవడం పొరపాటు. కారానికి కారణమైన కాప్సైసిన్ కాయలో, గింజలు అంటి ఉండే తెల్లని పీచు భాగంలో తయారవుతుంది; రసం పీల్చే పురుగులు చేరేది లేత చిగుళ్ళకు, ఆకులకు. ఇంటిలో అక్షింతల పురుగులు, సాలీళ్ళు, వాన, గాలి ఏవీ ఉండవు. బయట ఇవన్నీ కలిసి అదుపులో ఉంచే పురుగు, ఇంటిలో అడ్డు లేకుండా పెరుగుతుంది.

వీటిలో మొదటిది పేనుబంక. ఆడపురుగు మగదానితో జతకట్టకుండానే, గుడ్లు కాక నేరుగా పిల్లలను కంటుంది. వెచ్చని గదిలో ఆ పిల్లలు వారం పది రోజులలో తామూ పిల్లలను కంటాయి. అంటే అక్టోబరులో గమనించకుండా లోనికి వచ్చిన ఒక్క పురుగు నవంబరు నాటికి మొక్క నిండా పాకుతుంది. ఆకుల మీద తేనెలాంటి జిగురు, దాని మీద నల్లని మసి కనిపిస్తే పేనుబంక ఉన్నట్లే. రెండవది ఎర్రనల్లి. కంటికి ఆనని ఈ జీవి ఆకు అడుగున సన్నని సాలెగూడు అల్లుతుంది, ఆకు పైన సన్నటి పసుపు చుక్కలు పడతాయి. ఇది పొడిగాలిలో విజృంభిస్తుంది. తెల్లదోమ, తామర పురుగు కూడా రావచ్చును. గుంటూరు రైతులు వాడే పై ముడత, కింది ముడత అన్న మాటలు ఇక్కడ కూడా అక్కరకు వస్తాయి. ఆకు అంచులు పైకి ముడుచుకొంటే తామర పురుగు, క్రిందికి ముడుచుకొంటే తెల్లనల్లి అని గుర్తు.

మందు కంటే ముందుచూపు మేలు. లోనికి తెచ్చే రోజున ఆకులన్నిటినీ తీసివేస్తే పురుగులలో ఎక్కువ భాగం వాటితోనే పోతాయి. మిగిలిన కాండాన్ని నీటి ధారతో కడిగి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేప నూనె, కొద్దిగా ద్రవ సబ్బు కలిపి కణుపుల సందులతో సహా తడిసేటట్లు చల్లాలి. బట్టలుతికే డిటర్జెంటు వాడరాదు. ఒకసారి చల్లి ఊరుకొంటే చాలదు, ఎర్రనల్లి గుడ్లు మిగిలే ఉంటాయి. ఐదారు రోజుల ఎడంతో మూడుసార్లు చల్లాలి. కొత్తగా తెచ్చిన మొక్కను రెండు వారాలు మిగిలిన ఇంటి మొక్కలకు దూరంగా ఉంచడం మంచిది. మట్టి మీద చిన్న నల్లని దోమల వంటివి ఎగురుతూ ఉంటే అది నీరు ఎక్కువైనదనడానికి సూచన. మట్టి పైపొరను ఆరనిచ్చి, పసుపు రంగు జిగురు అట్టలు పెడితే అవి తగ్గుతాయి.

వసంతం

ఫిబ్రవరి చివర, మార్చి నెలలో పగలు పెరగడంతో మొక్కను వెలుతురుకు, 18 డిగ్రీల పైబడిన వెచ్చదనానికి మారుస్తారు. బ్రతికి ఉన్నదో లేదో తెలుసుకోవడానికి కాండం మీద గోటితో చిన్నగా గీకి చూడాలి. బెరడు క్రింద పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్లు, గోధుమ రంగులో పొడిగా ఉంటే ఆ భాగం ఎండినట్లు. కొస నుండి క్రిందికి గీకుతూ వచ్చి, పచ్చదనం తగిలిన చోట కోసివేయాలి. మొదలు వద్ద పచ్చగా ఉంటే ఆశ వదులుకోనక్కరలేదు. చిగురు రావడానికి రెండు నుండి నాలుగు వారాలు పట్టవచ్చును, ఈ తొందరలో నీరు ఎక్కువ పోసి చంపుకొనేవారు కూడా ఉన్నారు. ఆకులు విచ్చుకొన్న తరువాత నీరు క్రమంగా పెంచి, పెద్ద కుండీకి మార్చి, పలుచగా ఎరువు ఇవ్వాలి.

చిగుర్చగానే బయట పెట్టడం కూడదు. మంచు పడే కాలం పూర్తిగా దాటి, రాత్రులు 12–13 డిగ్రీల పైన స్థిరపడాలి. షికాగో పరిసరాలలోను, బ్రిటన్‌లో చాలా చోట్లను ఇది మే నెల చివరి మాట. ఇంటి వెలుతురులో విచ్చుకొన్న ఆకులు నేరు ఎండకు తెల్లగా మాడిపోతాయి; కనుక మొదటి రోజు గంటసేపు నీడలో, మరునాడు రెండు గంటలు, ఇలా వారం పది రోజులు అలవాటు చేయాలి.

ప్రయోజనం, పరిమితులు

ఇలా కాపాడిన మొక్క, ఆ ఏడాది విత్తనం వేసిన మొక్క కంటే కొన్ని వారాల ముందే కాస్తుంది. చైనెన్స్ రకాలలో రెండవ ఏడాది కాపు ఎక్కువగా ఉండడం పరిపాటి. బెంగుళూరు మిరప వంటి పెద్దకాయ రకాలకు మాత్రం లాభం స్వల్పం, వాటికి కొత్త నారే మేలు. ఉన్న మొక్కలలో మంచివి రెండింటిని ఎంచుకొని వాటి మీద దృష్టి పెట్టడం, పది మొక్కలను కిటికీలలో కుక్కడం కంటే తెలివైన పని. జాగ్రత్తలన్నీ తీసుకొన్నా కొన్ని మొక్కలు చనిపోతాయి కాబట్టి, అరుదైన రకమైతే విత్తనం కూడా విడిగా దాచుకోవాలి. పూత దశలోనే పూలకొమ్మకు పలుచని గుడ్డసంచి కట్టి, లోపల కట్టిన కాయ నుండి తీసిన విత్తనం కల్తీ కాదు.

కొందరు కత్తిరించిన మొదలును తిరిగి పెద్దది కానివ్వకుండా, పళ్ళెం వంటి కుండీలో బోన్సాయి రీతిలో పెంచుతారు. బోన్సాయి, చిల్లీ అన్న మాటలను కలిపి దీనిని బొంచి అంటారు. జానెడు ఎత్తు లేని మాను మీద నాలుగు ఎర్రని కాయలతో ఇది చూడముచ్చటగా ఉంటుంది.

విదేశాలలోని తెలుగు ఇళ్ళలో మిరపతో పాటు చలికాలం లోనికి వచ్చే మరొక మొక్క కరివేపాకు. దానికి కూడా చలికాలంలో నీరు తగ్గించాలి, ఎరువు మానాలి. అయితే మిరపకు చేసినట్లు దాని వేళ్ళను కడిగి మట్టి మార్చకూడదు. కరివేపాకు వేరు కదిలితే తేరుకోవడం కష్టం. దానిని ఉన్న కుండీతోనే లోనికి తెచ్చుకోవాలి.